‘ఇబ్బందేం లేదండి’ అనే మూడు ఊళ్లు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదాన్ని పెంచి చెప్పే మనిషిని. నేను వర్షం అంటే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకున్నాకే ఆరేసిన బట్టలు తీస్తుంది. నేను జ్వరం అంటే మా డాక్టరు థర్మామీటరు రెండోసారి పెడతాడు. పత్రికలో హాస్యం శీర్షిక రాసి రాసి అలవాటు పడ్డ చెయ్యి ఇది. యాభై రెండో ఏట దాన్ని దారిలో పెట్టడం నా వల్ల కాదు. అందుకని పాఠకులకు ఒక సదుపాయం చేస్తున్నాను. ఇందులో ఎక్కడ అంకె కనిపించినా, కొలత కనిపించినా మూడుతో భాగించి చదువుకోండి. ధరల్ని మాత్రం భాగించొద్దు. వాటికి బిల్లులున్నాయి.

తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడు ఊళ్లు, మూడు రోజులు అనుకుని బయల్దేరాం. ఒక విశ్వవిద్యాలయమూ ఒక ప్రభుత్వ శాఖా కలిసి చేస్తున్న అధ్యయనం అది. వైకల్యం ఉన్నవాళ్ల కోసం రాసిన విధానాలు కాగితం దిగి మనిషి గుమ్మం దాకా ఎంతవరకు నడిచొచ్చాయో చూడాలి. విశ్వవిద్యాలయం తరఫున ప్రొఫెసర్ విజయలక్ష్మిగారు. శాఖ తరఫున శేషగిరిరావుగారనే అధికారి. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడగడానికి కుమారి. ఆఖర్న నివేదికని మనుషులు చదవగలిగే తెలుగులో రాయడానికి నేను.

"నాకంటే బాగా రాసేవాళ్లు దొరకలేదాండీ?" అని విజయలక్ష్మిగారిని అడిగాను.

"దొరికారు. ఖాళీగా దొరకలేదు" అన్నారావిడ.

దుగ్గిరాల: తుమ్ముల మధ్య ఒప్పందం

తెనాలి ఇంకా రాకముందే దుగ్గిరాల వచ్చింది. దుగ్గిరాల కంటే ముందు దాని పసుపు వచ్చింది. పసుపు మార్కెట్ యార్డు దగ్గర మా వ్యాను ఆగేసరికి గాలి ముద్దపసుపు రంగులో ఉంది. రోడ్డు దాటుతున్న గేదె కూడా పెళ్లికూతురిలా ఉంది. నేను వరసగా నలభై రెండు సార్లు తుమ్మాను. శేషగిరిరావుగారు ఒక్కసారి కూడా తుమ్మలేదు. ఆయన ముక్కుకి పైనుంచి ఆర్డరు రావాలనుకుంటాను.

ఆ తుమ్ముల మధ్యే ఆయన నాకు ఒప్పందం చదివి వినిపించారు. రెండు పక్షాల మధ్య రాసుకున్న ఆ కాగితాల కట్టని ఒళ్లో పెట్టుకుంటే తొడ తిమ్మిరెక్కుతుంది. మొదటి నాలుగు పేజీలూ మనుషుల్ని ఏమని పిలవాలన్నదాని మీదే పోయాయి. శాఖ దివ్యాంగులు అంటుంది. విశ్వవిద్యాలయం వైకల్యం గల వ్యక్తులు అంటుంది. రెండూ ఉంచారు, మధ్యలో ఒక గీత పెట్టారు.

"నిన్ను ఏమనాలమ్మా?" అని కుమారిని అడిగాను. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ముప్ఫై ఏళ్లుంటాయి, సోషల్ వర్క్‌లో ఎం.ఏ. చేసింది, సొంతూరు రేపల్లె.

"కుమారి అంటే పలుకుతానండి" అంది.

ఆమె ఫోను తెరమీద ఉన్నదంతా పైకి చదువుతుంది. ఎంత వేగంగా అంటే, ఊరి ఓటర్ల జాబితా ఇస్తే టీ చల్లారేలోగా ముగించేస్తుంది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కుమారికి అదీ నిదానంగానే ఉందట.

ఆ ఫోన్లోనే ముప్ఫై ప్రశ్నలున్నాయి. కాగితం ఫారాల్లోనూ అవే, ఆమె నొక్కిన జవాబుల్ని శేషగిరిరావుగారు వాటిలోకి ఎక్కిస్తారు. అందులో పదకొండోది అసలు ప్రశ్న. "ధ్రువీకరణ పత్రం పొందుటలో మీకు ఏమైనా ఇబ్బంది కలదా?" ఆ పత్రం లేనిదే పెన్షను లేదు, బస్సు పాసు లేదు, మూడు చక్రాల బండి లేదు. అది కావాలంటే ఎక్కడో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి డాక్టర్లకి కనపడాలి. ఎక్కువమంది ‘కలదు’ అంటే శాఖ డాక్టర్లనే ఈ ఊళ్లకి పంపించి శిబిరాలు పెడుతుంది. ‘లేదు’ అంటే పెట్టదు. ఇంత మందంగా ఉన్న ఒప్పందానికి గుండెకాయ ఆ ఒక్క లైను.

"మా వీధిలో నాంచారమ్మత్త ఉందండి" అంది కుమారి. "చిన్నప్పుడే పోలియో. పాత పత్రానికి గడువైపోయింది, కొత్తది ఇంకా చేతికి రాలేదు. పెన్షను ఆగిపోయింది. ఆవిడ కోసమే నేనీ పనిలో చేరాను."

విజయలక్ష్మిగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "కుమారీ, నువ్వు ఎవరికీ జవాబు అందించకూడదు. ఉన్న ప్రశ్న ఉన్నట్టే అడగాలి."

"తెలుసు మేడమ్. ఆవిడ నోటితో ‘ఉంది’ అంటే చాలు."

ప్రశ్నలో ఒక్క అక్షరం మార్చాలన్నా రెండు సంతకాలు పడాలని ఒప్పందం. విజయలక్ష్మిగారిది నీలం సిరా, శేషగిరిరావుగారిది ఆకుపచ్చ. నాకు ఏ సిరా లేదు. నాకున్నది కూర్చున్నచోట కూర్చోలేని జబ్బు. కుడికాలు ఊపుతూనే ఉంటాను. ఆగిన వ్యాను కూడా ఊగుతోందని డ్రైవరు దిగి టైర్లు చూసుకున్నాడు.

తెనాలి: జిలేబీ మర్యాద

తెనాలిలో టిఫిను నలభై రూపాయలు. నాలుగు ఇడ్లీలు, ఒక్కొక్కటీ తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. అల్లంపచ్చడి నేను తిన్నాక మా కాకినాడలో ఎప్పుడో పోయిన మా ముత్తాత కూడా చెవుల్లోంచి పొగ వదిలి ఉంటాడు. కాలవ గట్టు వెంట నడుస్తూ కుమారి కర్ర టకటకలాడిస్తుంటే నేనే వెనకపడ్డాను. పక్కనే కంకర పోసిన కుప్పలో కాలు పెట్టి పడ్డది కూడా చూపున్న నేనే.

మొదటి ఇల్లు సుబ్బారావు అనే టైలరుది. రెండు కాళ్లూ పనిచెయ్యవు. చేత్తో తిప్పే మిషను మీద జాకెట్లు కుడతాడు. మమ్మల్ని చూడగానే పక్క కొట్టు నుంచి బెల్లం జిలేబీ తెప్పించాడు. ఒక్కో జిలేబీ సైకిల్ చక్రమంత ఉంది. తింటుంటే పాకం మోచేతి దాకా కారి, అక్కణ్ణించి కింద ఉన్న చీమలకి ఏడాది గ్రాసమైంది.

కుమారి పదకొండో ప్రశ్న అడిగింది.

"ఇబ్బందేముందండీ" అన్నాడు సుబ్బారావు. "మీరు ఎండన పడొచ్చారు. ఫ్యాను అటు తిప్పమంటారా?"

"పత్రం విషయంలో అడుగుతున్నానండి."

"ఏం లేదండి. అంతా బానే ఉంది. అన్నయ్యగారికి ఇంకో జిలేబీ వెయ్యవే" అన్నాడు లోపలికి చూసి.

కుమారి ‘లేదు’ నొక్కింది.

రెండో ఇంట్లో కూడా అదే. మూడో ఇంట్లో మజ్జిగ ఇచ్చి మరీ లేదన్నారు. ఒక ముసలాయన, మంచం దిగలేనివాడు, "మాకేం ఇబ్బందమ్మా, మీకే శ్రమ" అన్నాడు. మా కాకినాడలో ఇలా జరగదు. మా వీధిలో ఒంట్లో ఎలా ఉందండీ అని అడిగి చూడండి, జవాబు అమ్మమ్మగారి వాతం దగ్గర మొదలై మధ్యాహ్నానికి అడిగినవాడి దగ్గరికి వస్తుంది. ఇక్కడ నలభై గడపలు ఎక్కితే నలభై ‘లేదు’లు, నూట ఇరవై గ్లాసుల మజ్జిగ.

సాయంత్రం టీ దగ్గర, టీ పన్నెండు రూపాయలు, కుమారి గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"బాబాయ్ గారూ, మీకు వినపళ్లేదా?"

"ఏంటమ్మా?"

"ఆ ‘లేదు’ ముందు అందరూ ఒక్క గుక్క గాలి పీలుస్తున్నారు. ఒకటో ప్రశ్నకి పీల్చరు, ఇరవయ్యో ప్రశ్నకి పీల్చరు. పదకొండో దానికే."

నాకు జిలేబీ కరకర తప్ప ఏమీ వినపడలేదు. కానీ ఆమె అన్నాక ఒకటి తట్టింది. ఇబ్బంది అనే మాట ఈ ఊళ్లలో కష్టాల జాబితాలోది కాదు, మర్యాదల జాబితాలోది. చుట్టం వచ్చి మీకేమైనా ఇబ్బందా అంటాడు, ఇంటివాళ్లు ఇబ్బందేం లేదండి అంటారు. చాప పరిచినట్టు ఆ మాట పరుస్తారు. మేం గడప ఎక్కి, కుర్చీలో కూర్చుని, వాళ్ల నీళ్లు తాగి అదే మాట అడుగుతున్నాం. ఇక ఉందని ఎలా అంటారు?

ఇదంతా శేషగిరిరావుగారికి చెప్పాను. ఆయన టీ ఊదుకుంటూ విన్నారు. "లేదన్నారు కాబట్టి లేదండి. పీల్చిన గాలికి ఫారంలో గడి లేదు."

విజయలక్ష్మిగారికి మనసులో గుచ్చుకున్నట్టే ఉంది. కానీ ఆవిడా తల అడ్డంగా ఊపారు. "సగంమందిని ఒక ప్రశ్న, సగంమందిని ఇంకో ప్రశ్న అడిగితే అది అధ్యయనం కాదండీ, పిచ్చాపాటీ."

సూర్యలంక: పీతా, నేను చేసిన పాపమూ

మర్నాడు బాపట్ల. పొద్దున్నంతా ‘లేదు’లే. నా కాలు ఊపుడు రెండో కాలికి కూడా పాకింది. వ్యానులో ఉంటే దిగాలనిపించేది, దిగితే ఎక్కాలనిపించేది. మధ్యాహ్నానికి సూర్యలంక పల్లెకి చేరాం. సెలవు రోజు కాదు, గుంటూరు నుంచి షికారుకొచ్చే జనం లేరు. ఒడ్డున పడవలు వెల్లకిలా పడుకుని ఎండ కాచుకుంటున్నాయి. ఇసక ఎంత వేడిగా ఉందంటే నా చెప్పులు నన్ను వదిలేసి నీళ్లలోకి వెళ్లిపోయాయి.

అక్కడ పోలేరయ్య అనే ఆయన ఇల్లు. పడవ మోటారు తాడులో పడి కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది. భార్య మాకోసం పీతల పులుసు పెట్టింది. ఆ పీత గిన్నెలో పట్టక రెండు కాళ్లు పొయ్యి అవతల పెట్టుకుని ఉడికింది. దానికి విడిగా రేషను కార్డు ఉండి ఉంటుంది.

నేను పీత డెక్కతో కుస్తీ పడుతుంటే పోలేరయ్య చూసి నవ్వాడు. "రెండు చేతులుండి ఇంతసేపా బాబాయ్? ఇటివ్వండి." పళ్ల కింద పెట్టి ఒక్క కొరుకు కొరికి, కండ ఊడదీసి నా ఆకులో వేశాడు.

కుమారి ప్రశ్న అడిగింది.

"మాకేంటమ్మా ఇబ్బంది. సముద్రం కంటేనా" అన్నాడతను. ముందు ఒక గుక్క గాలి పీల్చాడు. ఈసారి నాకూ వినపడింది. అతని భార్య పొయ్యి వైపు తిరిగి మంట సర్దింది. పొయ్యిలో మంట లేదు.

ఇక నా వల్ల కాలేదు. అందరూ చేతులు కడుక్కుంటుండగా నేను ఒక కాగితం ఫారం తీసుకుని పడవ నీడలోకి వెళ్లాను. పోలేరయ్య పేరు రాశాను. పదకొండో గడిలో ‘కలదు’ అని రాశాను. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. చెయ్యి ఆగలేదు. పత్రం కోసం ఇతను పదిహేడు ఊళ్లు తిరిగాడనీ, మూడు బస్సుల్లోంచి దింపేశారనీ, నాలుగో బస్సులో ఇతని కథ విని కండక్టరు టిక్కెట్ల మిషను మీద తల వాల్చి ఏడ్చాడనీ రాశాను. రాసి, ఆ ఫారాన్ని కట్ట మధ్యలో దూర్చేశాను.

టీ వేళకి శేషగిరిరావుగారు ఫారాలు సర్దుతూ ఒకచోట ఆగారు.

"కండక్టరు ఏడ్చాడని రాసింది మీరే కదండీ?"

"ఏడవకూడదాండీ?"

"మా బావమరిది కండక్టరు" అన్నారాయన. ఆ కాగితాన్ని నాలుగుగా చింపి జేబులో పెట్టుకున్నారు. ఆయనకి కోపం రాలేదు, అదే నాకు కష్టంగా ఉంది. "మీ శీర్షిక నేను చదువుతానండీ. నాలాంటివాళ్లు పైన ఇంకా ఉన్నారు. మీ చెయ్యి పడ్డ ఫారం ఒక్కటి దొరికితే చాలు, మొత్తం కట్టని పక్కన పెట్టేస్తారు."

కుమారి వ్యాను మెట్టు మీద కూర్చుని ఉంది. నా చెప్పుల చప్పుడు విని తల తిప్పింది.

"మీరు మంచికే చేశారు బాబాయ్ గారూ. కానీ మీరు లేనిది పెంచి రాస్తే, రేపు నిజంగా అంత ఉన్నవాళ్లు చెప్పినా నమ్మరు. మా నాంచారమ్మత్త మాట కూడా మీ కండక్టరు పక్కనే కూర్చుంటుంది."

 ఆ మాటలో పెంచడానికి నాకేమీ దొరకలేదు. బాపట్లలో వేటపాలెం జీడిపప్పు అమ్ముతుంటే శేషగిరిరావుగారు పొట్లం కొని అందరికీ పంచారు, నా చేతిలోనూ పోశారు. అందరికంటే నాకు రెండు పలుకులు ఎక్కువే పడ్డాయి. అవి గొంతు దిగడానికి పొన్నూరు దాటాలేమో అనిపించింది.

రేపల్లె: పట్టాలు అయిపోయే చోటు

తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెలో ఆగదు, అయిపోతుంది. స్టేషను చివర పట్టాలకి అడ్డంగా ఒక దిమ్మ ఉంటుంది, ఆ తర్వాత గడ్డి. నాలాంటి నిలకడ లేనివాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఇక పోవడానికి ఊరు లేదు, ఇది మూడో రోజు, ఫారాల కట్ట నిండా ‘లేదు’లే. ఆ వేళ సాయంత్రం కట్ట కట్టి సీలు వేస్తారు.

నాంచారమ్మ ఇల్లు రేకుల గది, ముందు చిన్న పంచ. పంచలో ఎండు మెత్తళ్ల గంపలు పెట్టుకుని ఆ చిట్టి చేపల్ని అమ్ముతుంది. మనిషికి యాభై ఐదేళ్లుంటాయి. నేలమీద చేతులు ఆనించి ముందుకి జరుగుతుంది, ఆ చేతులకి రబ్బరు చెప్పులు తొడుక్కుంటుంది. మేం వెళ్లేసరికి పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెప్పించి తుడిపించి ఉంచింది. టీలు వచ్చాయి.

కుమారి ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. ఫోను చదువుతోంది, ఆమె తిప్పి అడుగుతోంది. పదో ప్రశ్న అయింది.

"ధ్రువీకరణ పత్రం పొందుటలో మీకు ఏమైనా ఇబ్బంది కలదా?"

"నువ్వు అడగాలా కుమారీ. నీకు తెలీదా?"

"అడగాలత్తా. నువ్వు చెప్పాలి."

నాంచారమ్మ కుర్చీల వంక చూసింది. ఒకదాంట్లో విజయలక్ష్మిగారు, ఒకదాంట్లో శేషగిరిరావుగారు. టీ గ్లాసుల వంక చూసింది. గాలి పీల్చుకుంది.

"ఇబ్బందేం లేదమ్మా. పెద్దవాళ్లు ఇంత దూరం మా ఇంటికొచ్చారు. అదే పదివేలు."

కుమారి వేలు ఫోను మీద ఆగిపోయింది. జవాబు ఎంచుకోండి, జవాబు ఎంచుకోండి అని ఫోను గడగడా అంటోంది. విజయలక్ష్మిగారు కళ్లు దించుకున్నారు. కుమారి ‘లేదు’ నొక్కింది. నొక్కాక ఆ వేలిని చీర చెంగుకి తుడుచుకుంది.

నేను అక్కడ ఉండలేక లేచాను. లేవడంలో భుజం దూలానికి వేలాడదీసిన గంపకి తగిలింది. మెత్తళ్లు నా నెత్తిమీద కురిశాయి. ఓ తొమ్మిది వేలుంటాయి. చొక్కా కాలరులోంచి వీపు మీదికి దిగినవే ఒక కూరకి సరిపోతాయి. నాంచారమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. నేను వంగి ఏరుతూ, సిగ్గుతో ఏదో ఒకటి అనాలి కాబట్టి, మనవాళ్లం అందరం అడిగేదే అడిగాను.

"ఇవాళ ఏం కూరమ్మా?"

"ఏముంది బాబూ, వంకాయా, మీ నెత్తిమీదున్న మెత్తళ్లూను."

"నిన్నేం కూర?"

"గోంగూర."

నోరు ఖాళీగా ఉంచలేని జబ్బు కూడా నాకుంది. "మరి పత్రానికి ఆసుపత్రికెళ్లిన రోజు ఏం కూర?"

ఆమె నవ్వు ఆపలేదు, నవ్వే తనంతట తను ఆగింది.

"ఆ రోజు కూర ఉండదు బాబూ."

"అదేంటమ్మా?"

"వండను. తినను. ముందు రోజు మధ్యాన్నం నించీ నీళ్లు కూడా తాగను. తాగితే అక్కడ లేవాల్సొస్తది కదా. అక్కడ మెట్లు. నన్నెవరు ఎత్తుకెళ్తారు? ఆడదాన్ని, ఎవర్నని అడుగుతాను?"

గోంగూర అన్న గొంతుతోనే అన్నది ఆ మాటలు. నా చేతిలో మెత్తళ్లు అలాగే ఉండిపోయాయి. శేషగిరిరావుగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఎన్నిసార్లు వెళ్లారమ్మా?"

"ఎన్నిసార్లంటే... చీటీలున్నాయయ్యా. పారెయ్యొద్దన్నారని దాచాను." మంచం కింద నుంచి తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా లాగింది.

శేషగిరిరావుగారు డబ్బా తీసుకునే ముందు నా వంక ఒక చూపు చూశారు. నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను, మెత్తళ్లతో సహా. ఆయన కుర్చీ దిగి, మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆసుపత్రి చీటీలు ఒక్కొక్కటీ విప్పి మంచం మీద పరిచారు. మడతలు పడి, చేపల వాసనేస్తూ, మూడు చీటీలు.

ఒకసారి ఎముకల డాక్టరు సెలవు. ఒకసారి వేలిముద్ర పడలేదు. ఉప్పూ పొలుసుల రాపిడికి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, మిషను ఆమెని ఆమె కాదంది. ఒకసారి అన్నీ కుదిరాయి, డాక్టరు పై అంతస్తులో ఉన్నాడు. పేరు పిలిచేసరికి ఆమె మెట్ల మధ్యలో ఉంది. చేరేసరికి వేరే పేరు పిలుస్తున్నారు.

ఆయన చాలాసేపు ఆ చీటీలవంకే చూశారు. మూడు కాగితాలు చూడ్డానికి అంతసేపు అక్కర్లేదు. టీ మీద మీగడ కట్టింది.

"మరి ఇబ్బంది లేదన్నారేంటమ్మా?"

"ఇంటికొచ్చి కూర్చుని ఇబ్బందా అనడిగితే ఉందంటానా అయ్యా. బాగుండదు కదా."

శేషగిరిరావుగారు కొత్త ఫారం తీశారు. పెన్ను మూత తీసి, నా వైపు తిరక్కుండానే అన్నారు. "ఇది నేనే రాస్తాను. ఈయన చెయ్యి దీనిమీద పడకూడదు."

నేను రెండడుగులు వెనక్కి జరిగాను. నా జీవితంలో ఒక కాగితానికి నేను చేసిన పెద్ద ఉపకారం అదే.

ఆ తర్వాత వ్యాను ముందు భాగం మీద ఒప్పందం పరిచి విశ్వవిద్యాలయమూ ప్రభుత్వమూ వాదించుకున్నాయి. ప్రశ్న మార్చాల్సిందేనని ఇద్దరికీ ఒప్పుదలే, ఏమని మార్చాలన్నదే పేచీ.

"ప్రయాణ దినమున తీసుకున్న ఆహార పానీయముల వివరములు" అన్నారు శేషగిరిరావుగారు.

"ఆహార స్వీకరణ సరళి" అన్నారు విజయలక్ష్మిగారు.

"ఏం కూర అని అడగండి సార్" అంది కుమారి. "ఇబ్బందా అంటే లేదంటారు. ఏం కూర అంటే మాత్రం కూర పేరు చెప్పాలి. లేకపోతే లేదని చెప్పాలి."

"ప్రభుత్వ ఫారంలో కూరేంటమ్మా?"

 శేషగిరిరావుగారు అలా అంటూనే నాంచారమ్మ పంచ వైపు చూసి, పదకొండో ప్రశ్న కొట్టేసి, దానిమీద ఆకుపచ్చ సిరాతో రాశారు. ‘పత్రం కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజు ఏం కూర?’ పక్కన నీలం సంతకం పడింది.

వెనక్కి

సగంమందిని ఒకటీ సగంమందిని ఇంకొకటీ అడగకూడదు కదా. పట్టాలు అయిపోయిన ఊరి నుంచి మళ్లీ మొదటి గడప దాకా వెనక్కి వెళ్లాం. మూడు రోజుల ప్రయాణం ఆరు రోజులైంది. మా ఆవిడకి ఫోను చేసి ప్రభుత్వ పని మీద ఆగిపోయానంటే, నిజం చెప్పండి అంది.

సూర్యలంకలో పోలేరయ్య "ఆ రోజు ఉపోషమండీ" అని నవ్వేశాడు. ఈసారి భార్య పొయ్యి వైపు తిరగలేదు. "ప్యాంటు బొత్తాం ఒంటిచేత్తో రాదండి. నన్ను మగాళ్ల వైపు రానివ్వరు. అందుకని పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టడు" అంది. పోలేరయ్య ఇసకలో కాలి వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు, కాదనలేదు.

తెనాలిలో సుబ్బారావు మిషను తిప్పుతూనే విన్నాడు. చక్రం ఆగింది.

"తినలేదండి" అన్నాడు.

అంతే. ముందు గాలి పీల్చలేదు. ఆ తర్వాత లోపలికి తిరిగి, అన్నయ్యగారికి జిలేబీ అన్నాడు. నేను తిన్నాను. తినకపోతే ఆయన నొచ్చుకుంటాడని తిన్నాను. నా కాలు ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఊగలేదని వ్యాను ఎక్కాక కుమారి చెప్పింది. ఆమెకి అదీ వినపడుతుందట.

మేం తిరిగొచ్చిన చాలా వారాలకి ఆమె ఫోను చేసింది. రేపల్లెలో బళ్లో శిబిరం పెట్టారట, డాక్టర్లు మెట్లు లేని గదిలో కూర్చున్నారట. వేలిముద్ర మళ్లీ పడలేదట గానీ ఈసారి కంటిని చూసే మిషను కూడా తెచ్చారట.

"అత్త ఎలా వెళ్లింది?"

"తిని వెళ్లిందండి. ఎండు రొయ్యలూ గోంగూరా. అక్కడ అందరి ముందూ రెండు గ్లాసుల నీళ్లు అడిగి తాగింది. మీకు చెప్పమంది."

చివరగా, లెక్క

జిలేబీ సైకిల్ చక్రమంత లేదు. పీతకి రేషను కార్డు లేదు. తుమ్ములు, మెత్తళ్లు, మజ్జిగ గ్లాసులు, వీటన్నిటినీ మీరు ఇప్పటికే భాగించుకుని ఉంటారు. అవి అబద్ధాలు కావు, నా మామూలు మాటలు. నేను ఇందులో తెలిసి కల్పించింది ఒక్కటే ఉంది.

నాంచారమ్మ డబ్బాలోంచి శేషగిరిరావుగారు మంచం మీద పరిచిన చీటీలు మూడు కావు. తొమ్మిది. మంచం చాలక చివరి రెండూ ఆయన మోకాలి మీద పెట్టుకున్నారు. ఫారంలో తొమ్మిదే ఉంది, ఆకుపచ్చ సిరాతో, నా చెయ్యి తగలకుండా. ఇక్కడ నా పేరు కింద తొమ్మిది అని రాస్తే మీరు మూడుతో భాగిస్తారు. ఎలాగూ మూడనుకుంటారు కదా అని నేనే మూడు రాసేశాను. నా లెక్క ప్రకారమైతే మీకు తొమ్మిది చేరాలంటే నేను ఇరవై ఏడు రాయాలి. అలాగే రాద్దామని కూర్చున్నాను కూడా.

చెయ్యి రాలేదు.